ఫొటో వెనక రాత

మా పేపరు ఆఫీసులో ఆ అమ్మాయికి పరాకు అని పేరు పెట్టింది ఫొటోగ్రాఫర్. చేరిన రెండో రోజే పెట్టాడు. టీ కప్పు పక్కన పెట్టుకుని, తెర మీద ఏదో ఫొటో వంక చూస్తూ కూర్చుండిపోయిందట. మూడుసార్లు పిలిచినా పలకలేదట. నాలుగోసారి పిలిస్తే ఉలిక్కిపడి, "ఆ, అయిపోయింది" అందట. ఏమయిపోయిందో ఎవరికీ తెలియదు. టీ మాత్రం చల్లారిపోయింది. అసలు పేరు హాజరుపట్టీలో ఉండేది గానీ, మా దగ్గర శిక్షణలో ఉన్న ఆర్నెల్లలో ఆ పేరుతో పిలిచిన పాపాన ఎవరూ పోలేదు.

నేను వెబ్ డెస్క్ ఇన్‌చార్జిని. అంటే, విలేఖరులు పంపిన వార్తలకు శీర్షిక పెట్టి, ఫొటో కత్తిరించి, తప్పులు దిద్ది, సైటులోకి ఎక్కించే నలుగురి మీద అరిచే మనిషిని. అరవడం ఉద్యోగంలో భాగమని ఎవరూ చెప్పలేదు, అది నా సొంత చొరవ. జర్నలిజం కాలేజీవాళ్ళు ఏటా ఒకరిద్దర్ని శిక్షణ పేరుతో మా మీదికి తోలతారు. కొందరు నెల తిరక్కుండానే పారిపోతారు. ఉన్నవాళ్ళు నన్ను "అక్కా" అని పిలవడం నేర్చుకుని, నా కోపాన్ని గోడ గడియారం చప్పుడులా వినడం మానేస్తారు. పరాకు మొదటి రోజు నుంచే వినలేదు.

మాది పొద్దున ఆరింటి షిఫ్టు. రెండో అంతస్తులో పొడుగాటి గది. కింద ప్రింటింగ్ మిషన్లు అప్పుడే ఆగి ఉంటాయి కాబట్టి సిరా వాసన ఇంకా మెట్ల మీద ఉంటుంది. తూర్పు వైపు ఆరు కిటికీలు. ఎండ ఒక్కో కిటికీలోంచి ఒక్కో బల్ల మీదికి వచ్చి కూర్చుంటుంది, షిఫ్టుకి ఆలస్యంగా వచ్చే ఉద్యోగిలాగా. ఇన్నేళ్ళలో ఆ ఎండ నాకు తెర మీద పడే గ్లేర్‌గానే తెలుసు. వచ్చీ రాగానే కర్టెన్లు లాగేసేదాన్ని. పరాకు తన బల్ల దగ్గరి కర్టెన్ మాత్రం తీసేసేది. నేను లాగేదాన్ని. తను తీసేది. నోటితో ఒక్క మాట అనేది కాదు.

ఇప్పుడు చుక్క సంగతి చెప్పాలి. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది.

మా సిస్టమ్‌లో ఫొటో ఎక్కించినప్పుడల్లా దాని కింద చిన్న పెట్టె ఒకటి తెరుచుకుంటుంది. ఫొటోలో ఏముందో అందులో మాటల్లో రాయాలి. ఆ రాత పైకి కనిపించదు, ఫొటో వెనకాల దాక్కుని ఉంటుంది. చూపు లేనివాళ్ళు ఫోను చేత సైటు చదివించుకుంటారు కదా, ఫొటో దగ్గరికి వచ్చేసరికి ఫోను ఆ మాటలు చదివి వినిపిస్తుంది. పెట్టె ఖాళీగా వదిలేస్తే సిస్టమ్ వార్తను కదలనివ్వదు. మొండికేస్తుంది. రోజుకి వంద ఫొటోలు. వందసార్లు దాంతో ఎవరు వేగుతారు? ఐదేళ్ళ కిందట ఒక పొద్దున, కోపంతో ఒక్క చుక్క కొట్టి చూశాను. ఫుల్‌స్టాప్ అన్నమాట. సిస్టమ్ నోరు మూసుకుని వార్తను పంపేసింది. నేను ఎగిరి గంతేసి డెస్క్ మొత్తానికీ ఆ కిటుకు నేర్పాను. కొత్తగా వచ్చినవాళ్ళకి నేను నేర్పే మొదటి పాఠం కూడా అదే. "పెట్టెలో చుక్క పెట్టు, ముందుకు పో." పరాక్కీ అదే నేర్పాను. మూడు వారాలు బుద్ధిగా చుక్కలే పెట్టింది.

నాలుగో వారంలో ఒక పొద్దున బట్టల గోడౌన్ ఒకటి తగలబడింది. మిగతా సైట్లన్నీ వార్త ఎక్కించేశాయి. మాది రాలేదు. వెళ్ళి చూస్తే పరాకు ఆ పెట్టెలో టైపు చేస్తోంది. చూసి చూసి ఒక మాట కొడుతోంది, మళ్ళీ ఫొటో వంక చూస్తోంది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"పదకొండు నిమిషాలు తల్లీ! పదకొండు! నవల రాస్తున్నావా?"

"ఒక్క లైనక్కా."

వంగి చూశాను. ఇలా ఉంది:

"వెలుగు వెనక నుంచి, మంటలదే. ముందు నిలబడ్డవాళ్ళందరూ ముఖాలు లేని నీడలు. ఒకాయన మాత్రం ఇటు తిరిగాడు. అతని చేతిలో తాళంచెవుల గుత్తి ఉంది. తలుపు లేదు."

ఫొటో అంతకు పావుగంట ముందే నా చేతుల మీదుగా వెళ్ళింది. నేనే కత్తిరించాను. తాళంచెవుల గుత్తి నాకు కనిపించలేదు. అది ఒప్పుకోవడం ఇష్టం లేక ఇంకాస్త గట్టిగా అరిచాను.

"ఎవరు చూస్తారే ఇది? దేవుడు కూడా చూడడు ఆ పెట్టెలోకి!"

"చూడరక్కా. వింటారు."

"ఎవరు?"

పరాకు ముందు వార్త పంపించి, నన్ను మెట్ల దగ్గరికి తీసుకెళ్ళింది. అక్కడ గోడకి ఆనుకుని, సిరా వాసనలో నిలబడి, నాకేసి చూడకుండా చెప్పింది.

ఇంట్లో ఉండేది తనూ, మేనత్తా. తండ్రి లారీ డ్రైవరు, నెలకి నాలుగు రోజులు ఇంట్లో ఉంటే గొప్ప. పెంచింది మేనత్తే. ఆవిడ పాతికేళ్ళు ఫొటో స్టూడియోలో పని చేసింది. నెగెటివుల మీద టచింగ్ చేసే పని. వాలుగా ఉన్న గాజుబల్ల, దాని కింద దీపం, పైన నెగెటివు. సూదిలా చెక్కిన పెన్సిల్ ములుకుతో మొటిమలూ మచ్చలూ కళ్ళ కింది నలుపూ తీసేసేది. ఈ ఊళ్ళో పాత ఫొటో ఆల్బమ్ తెరిస్తే సగం ముఖాల మీద ఆవిడ పెన్సిల్ ఉంటుంది. చిన్నప్పుడు పరాకు బడి నుంచి నేరుగా స్టూడియోకి వెళ్ళి ఆ గాజుబల్ల కింద కూర్చునేది. ఆవిడ ఒక ఫొటో చేతికిచ్చి, "చెప్పు" అనేది. పిల్ల "పాప నవ్వుతోంది" అంటే ఒప్పుకునేది కాదు. "ముఖం తర్వాత. ముందు వెలుగు ఎటునుంచి వస్తోందో చెప్పు."

"ఆ తర్వాత నీటికాసులొచ్చాయక్కా కళ్ళకి. చూపు అంచుల నుంచి లోపలికొచ్చింది. మనం ఫొటో క్రాప్ చేస్తామే, అలాగ. ఒక్కో వైపూ కొంచెం కొంచెం. చివరికి మధ్యలో ఒక ముఖమంత మిగిలింది. పోయినేడాది అదీ పోయింది."

"మరి ఇంట్లో నువ్వు చెప్పొచ్చుగా ఏం కనిపిస్తోందో? ఈ పెట్టెలో దాక్కోవడమెందుకు?"

"చెప్పనివ్వదు. ఒకసారి చెప్పాను. సాయంత్రం మబ్బు బాగుంది, రంగులు చెప్పబోయాను. లేచి లోపలికెళ్ళిపోయింది. 'నాకోసం నువ్వు చూడకు. నీకోసం నువ్వు చూసుకో' అంది. ఇంటికొచ్చినవాళ్ళెవరైనా ఇదిగో అదిగో అని వర్ణించబోతే, 'నా కళ్ళు పోయాయి గానీ పరువు పోలేదు' అంటుంది. జాలి పడితే చాలు, రోజంతా మాట్లాడదు."

కానీ రోజూ పొద్దున టీ తాగుతూ ఫోను చేత మా సైటు చదివించుకుంటుందట. పాతికేళ్ళు పేపరు చదివిన అలవాటు. పరాకు వారం సెలవు రోజున పక్కగదిలో పడుకుని విందట. ఫోను వార్త చదువుతోంది, మధ్యలో "చిత్రం. చుక్క" అంటోంది. ఇంకో వార్త. "చిత్రం. చుక్క." మేనత్త ప్రతి చుక్క దగ్గరా కాసేపు ఆగుతోందట, ఇంకేమైనా వస్తుందేమోనని.

"అందులో మూడు చుక్కలు నేను పెట్టినవేనక్కా. ఏ వార్తకి పెట్టానో కూడా గుర్తుంది."

ఆ చుక్క కనిపెట్టిన మనిషి ఎదురుగానే నిలబడి ఉందని తనకి తెలుసు. తెలిసీ ఆ మాట అనలేదు. ఐదేళ్ళు, రోజుకి వంద. లెక్క వేయడం ఇష్టం లేక ఆపేశాను.

"మీ అత్తకి తెలుసా, రాసేది నువ్వని?"

"తెలిస్తే వినడం మానేస్తుంది. అందరికోసం పేపరువాళ్ళే రాస్తున్నారనుకోవాలి. చూపున్నప్పుడు పేపరు చదువుతూ రెండో టీ తాగేదక్కా. మళ్ళీ ఆ రెండో టీ అడిగితే... అది చాలు నాకు."

"సరే, రాసి తగలడు. మూడు నిమిషాల్లో తేల్చు" అని వచ్చేశాను. అంతకన్నా మంచిగా మాట్లాడటం నాకు చేతకాదు.

మూడు నెలలు అలా నడిచాయి. మిగతా ముగ్గురూ చుక్కలే పెట్టేవాళ్ళు, పరాకు మాత్రం రాసేది. నేను ఒక్కటీ చదివేదాన్ని కాదు. టైము చూసుకునేదాన్ని, అంతే. పైకి కనిపించని రాతకి నేనెందుకు బాధ్యురాలినవుతానని ధీమా.

ఆ ధీమా కాస్తా ఒక సోమవారం ఉదయం తొమ్మిదింటికి ఎగిరిపోయింది. ముందు రోజు ఊళ్ళో కొత్త లైబ్రరీ భవనం తెరిచారు. మున్సిపల్ చైర్మన్ గారు రిబ్బను కత్తిరించారు. మా వార్త నిండా "అత్యాధునిక", "విజ్ఞాన భాండాగారం" లాంటి మాటలే. హోమ్ పేజీలో పెద్ద ఫొటో. సరిగ్గా అప్పుడే సిస్టమ్స్ కుర్రాళ్ళు ఫొటోలన్నిటినీ కొత్త సర్వర్‌కి మారుస్తూ ఎక్కడో తీగ తప్పించారు. సైటులో ఫొటోలన్నీ ఒక్కసారిగా మాయమైపోయాయి. ఫొటో రాకపోతే దాని వెనకాల దాక్కున్న మాటలు బయటికొస్తాయి. అది దాని ధర్మం. మేమే మరిచిపోయాం.

హోమ్ పేజీ తెరిచి చూశాను. తెల్లటి గడులు. గడి నిండా ఏమీ లేదు, మూలన ఒక చుక్క. పక్క గడిలో ఇంకో చుక్క. చుక్క, చుక్క, చుక్క. పేజీ మొత్తం నేను ఐదేళ్ళుగా చేసిన పని నాకు చూపిస్తున్నట్టుంది. ఆ చుక్కల మధ్య, అన్నిటికన్నా పైన, అన్నిటికన్నా పెద్ద గడిలో ఇది:

"వెలుగు పైనుంచి, కొత్త అద్దాల కప్పులోంచి, మధ్యాహ్నపుది. అందరికీ కళ్ళ కింద నీడలు. మధ్యలో ఉన్న పెద్దమనిషి కత్తెరని రెండు చేతులా పట్టుకున్నారు. రిబ్బను వంగింది, తెగలేదు. వెనక వరసలో ఒకావిడ ఆవలింతని పెదవుల వెనకే ఆపుకుంది. కుడివైపు గోడకి పుస్తకాల అరలు. కొత్త వార్నిష్ మెరుస్తోంది. పుస్తకాలు లేవు."

నలభై నిమిషాలు అది అలాగే ఉంది. ఊరు ఊరంతా చదివింది. ఫోన్లలో ఒకరికొకరు పంపుకున్నారు. చైర్మన్ గారి మనుషులు ఎడిటర్ గారికి ఫోన్ చేసి తలవాచేలా చివాట్లు పెట్టారు. పుస్తకాలు ఎప్పుడొస్తాయో మాత్రం చెప్పలేదు.

ఎడిటర్ గారు నన్నూ పరాకునూ గదిలోకి పిలిచారు. ఆయన అరవరు. అరిచేవాళ్ళని నేను సులువుగా ఎదుర్కోగలను, ఆయనలా నెమ్మదిగా మాట్లాడేవాళ్ళతోనే నాకు చిక్కు.

"ఈ రాత ఎవరిదమ్మా?"

"నాదేనండీ" అంది పరాకు.

"బాగుంది. ఇక వద్దు. రేపటి నుంచి ఆ పెట్టెలో ఎవరూ ఏమీ రాయరు. ఇంతకు ముందు ఏం పెట్టేవారో అదే పెట్టండి." నా వైపు తిరిగారు. "కాలేజీకి పంపే శిక్షణ నివేదికలో ఈ సంగతి రాయండి. డెస్క్ మాట వినదని."

బయటికొచ్చాక కిటికీ పక్కన నిలబడ్డాం. ఆ అమ్మాయి ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"నివేదిక సంగతి నేను చూస్తాలే, అంత భయపడకు" అన్నాను.

"అది కాదక్కా. రేపు పొద్దున అత్తయ్యకి మళ్ళీ చుక్కలే కదా." అంత మెల్లగా అంది గానీ, ఆ మాట నన్ను కొట్టినట్టే తగిలింది. తన ఆర్నెల్ల చదువు గాలికి పోతుంటే ఈ పిల్ల రేపటి టీ గురించి ఏడుస్తోంది.

మర్నాడు పరాకు చుక్కలు పెట్టింది. ఒక్కో చుక్క కొట్టడానికి రాతకి పట్టినంతసేపు పట్టింది. నేను టైము చూడలేదు. ఆ మర్నాడూ అంతే. కర్టెన్ కూడా తీయలేదు. మూడోరోజు నేనే తీశాను. ఆ గదిలో ఏదో పోయిందని నాకు అనిపించడం మొదలైంది. వస్తువు పోయినట్టు కాదు, రోజూ వినిపించే చప్పుడు ఆగిపోయినట్టు.

నాలుగోరోజు పరాక్కి వారం సెలవు. తొమ్మిదిన్నరకి డెస్క్ ఫోను మోగింది. నేనే తీశాను. అవతల ఒక ఆడగొంతు. నెమ్మదిగా, కొంచెం అధికారంగా.

"అమ్మా, సైటు చూసుకునేది మీరేనా?"

"అవునండీ, చెప్పండి."

"నాకు చూపు లేదు. ఫోను చదివితే వింటాను. నాలుగు రోజుల నుంచి అన్ని ఫొటోల దగ్గరా చుక్క, చుక్క అంటోంది. ఆ రాసేవాళ్ళకేమైంది? ఒంట్లో బాగాలేదా?"

కుర్చీలో వెనక్కి జారగిలబడ్డాను.

"బాగానే ఉన్నారండీ. ఆఫీసులో చిన్న... రాయొద్దన్నారు."

"ఎవరు?"

"పైవాళ్ళు."

అవతల కప్పు సాసరు మీద పెట్టిన చప్పుడు వినిపించింది.

"చూడమ్మా, మీ గొంతు వింటే మంచి మనిషిలానే ఉన్నారు. ఒక మాట చెబుతాను, మీలోనే ఉంచుకోండి. ఆ రాసేది మా మేనకోడలు. తను నాకు చెప్పలేదు. చెప్పక్కర్లేదు కూడా. మొదటి రోజు ఏదో మంటల ఫొటో, 'వెలుగు వెనక నుంచి' అని మొదలుపెట్టింది. ఇంకెవరు మొదలుపెడతారు అలాగ? ఆ ముక్క దానికి నేర్పింది నేను. ఆ పూట టీ తాగలేకపోయాను."

"మరి మీరు తనతో..."

"అనలేదు. అనను. నేను వింటున్నానని తెలుసుగానీ, నాకు తెలుసని దానికి తెలియదు. తెలిస్తే ఇక నాకోసం చూస్తుంది. నాకేది నచ్చుతుందా అని వెతుక్కుంటుంది. దాని కళ్ళు కూడా నేనే తినేసినట్టవుతుంది. ఇప్పుడైతే లోకం కోసం చూస్తోంది. ఆ లోకంలో నేనో మూలన కూర్చుని వింటున్నాను. నాకదే మర్యాదగా ఉందమ్మా." ఆగి, మళ్ళీ అంది. "ఇవాళ సెలవు కదా, గోడ వైపు తిరిగి పడుకుంది. నిద్ర నటిస్తోంది. నేను వరండాలోకొచ్చి మాట్లాడుతున్నాను. మళ్ళీ రాయించగలరా?"

"రాయిస్తానండీ" అన్నాను. ఏ ధైర్యంతో అన్నానో తెలియదు. ఫోను పెట్టేశాక చూస్తే కళ్ళు తడిగా ఉన్నాయి. నన్నలా చూసి ఫొటోగ్రాఫర్ కంగారుపడ్డాడు, ఎవరో పోయారనుకున్నాడు పాపం. వాడి చేతిలోని కెమెరా లాక్కుని, "ఆదివారం లైబ్రరీ ఫొటో అసలుది చూపించు" అన్నాను.

పెద్దది చేసి చూశాను. అరలు ఖాళీ. నిజంగానే వార్నిష్ మెరుస్తోంది. నేను కత్తిరించిన ఫొటో, నేను దిద్దిన వార్త. అందులో "వేలాది గ్రంథాలు" అని నా చేత్తో ఉంచిన మాట. ఆ రోజు ఆ ఫొటో ఎంతమందిమి చూశామని! కళ్ళుండీ చూడలేదు ఒక్కళ్ళమూ.

అది ప్రింటు తీసి ఎడిటర్ గారి బల్ల మీద పెట్టాను.

"ఆ అమ్మాయి రాసిన దాంట్లో అబద్ధం ఏదో చూపించండి."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని పెట్టుకున్నారు. చాలాసేపు చూశారు. "ఆవలింత నిజమే" అన్నారు చివరికి.

"పుస్తకాలు?"

ఆయన ఫొటోని కాస్త దూరంగా జరిపారు.

"అబద్ధం మన వార్తలో ఉంది. దిద్దింది నేను. నివేదిక రాయాలంటే నామీద రాయండి. ఆ పెట్టె చూపు లేనివాళ్ళదండీ. వాళ్ళ పెట్టెలో ఐదేళ్ళుగా చెత్త వేస్తున్నది నేను, వేయమని నేర్పింది నేను. ఈ పిల్ల వచ్చి శుభ్రం చేస్తుంటే మనం చీపురు లాక్కున్నాం."

అన్నాక నాకే భయమేసింది. ఆయన ఫొటో తిప్పి చూశారు, వెనకాల ఏదైనా రాసుందేమోనన్నట్టు.

"ప్రతి లైనూ మీరు చదివి పంపాలి. మళ్ళీ ఏదైనా బయటపడితే నేను మిమ్మల్నే పిలుస్తాను."

"పిలవండి."

"పుస్తకాల మీద కూడా ఒక వార్త చేయించండి" అన్నారు, నేను తలుపు దాకా వచ్చాక.

ఆ తర్వాత మిగిలిన రెండు నెలలూ నా ఉద్యోగ జీవితంలో నేను మరిచిపోలేనివి. చెప్పుకోవడానికి ఏమీ జరగలేదు. పొద్దున్నే పరాకు రాసేది, నేను చదివేదాన్ని. మొదట తప్పులు వెతకడానికి చదివాను. తర్వాత ముందు రాత చదివి, కళ్ళు మూసుకుని, ఆ బొమ్మ లోపల కట్టుకుని, అప్పుడు కళ్ళు తెరిచి ఫొటో చూడటం అలవాటైంది. చాలాసార్లు మూసిన కళ్ళకే ఎక్కువ కనిపించేది. "వెలుగు కింద నుంచి, తడిసిన రోడ్డు మీంచి లేచి వస్తోంది. బస్సు కోసం నిలబడ్డవాళ్ళ గడ్డాలు మెరుస్తున్నాయి." "వెలుగు ఎటునుంచో తెలియడం లేదు, అంత మబ్బు. గెలిచిన జట్టు నవ్వుతోంది. ఓడినవాళ్ళలో ఒకమ్మాయి షూ లేసు కట్టుకుంటున్నట్టు వంగింది. లేసు కట్టే ఉంది." అలాంటివి చదివి కాసేపు కదిలేదాన్ని కాదు. ఒకరోజు టీ చల్లారిపోయింది. "అక్కకి కూడా అంటుకుంది" అని ఫొటోగ్రాఫర్ డెస్క్ అంతా టాంటాం వేశాడు. చుక్క పెట్టేవాళ్ళు కూడా ఒక్కొక్కరే మానేశారు. నేను అరవలేదు, వాళ్ళే సిగ్గుపడ్డారు. ఇంటికి వెళ్ళే దారిలో గోడల మీద ఎండ ఎటు పడుతోందో చూసుకుంటూ నడిచేదాన్ని. ఇన్నేళ్ళు నడిచిన వీధి. అందులో ఒక ఇంటి కిటికీకి నీలం గాజు ఉందని నాకప్పుడే తెలిసింది.

ఒకే ఇంట్లోని ఇద్దరి రహస్యాలు నా కడుపులో పెట్టుకుని తిరగడం మాత్రం మహా కష్టమైంది. అత్తకి తెలుసని మేనకోడలికి తెలియదు. నాకు ఫోను వచ్చిందని కూడా తెలియదు. "అత్తయ్య మళ్ళీ రెండో టీ అడుగుతోందక్కా" అని పరాకు మెరిసే కళ్ళతో చెప్పినప్పుడల్లా నాలుక చివరిదాకా వచ్చిన మాటని మింగి, "పని చూడు" అని కసిరేదాన్ని. నా కోపం ఒక మంచి పనికి ఉపయోగపడింది ఆ రోజుల్లోనే.

ఆర్నెల్లూ అయిపోయాయి. చివరి పరీక్షలకి కాలేజీకి వెళ్ళిపోవాలి, రెండు నెలలు మళ్ళీ రాదు. ఆఖరి రోజు నివేదిక కవరు చేతికిచ్చాను. "డెస్క్ మాట వినదు. అందువల్ల డెస్క్ బాగుపడింది" అని రాశాను. పరాకు అది తెరిచి చూడలేదు, కవరు పట్టుకుని కిటికీలోకి చూస్తూ నిలబడింది.

"రేపటి నుంచి అక్కా..."

"వెళ్ళు, వెళ్ళు. నేనున్నాగా. రాస్తాను."

"మీరా?" అంది నమ్మనట్టు.

"ఏం, నాకు కళ్ళు లేవా?" అన్నాను. ఇద్దరం నవ్వాం. ఆ వెంటనే నాకు ఏడుపొచ్చింది, తనకి కనపడకుండా కర్టెన్ సర్దుకున్నాను.

మర్నాడు ఆరింటికి వచ్చి కూర్చున్నాను. మొదటి ఫొటో, ఒక ముసలి దర్జీ షాపు మూసేస్తున్న వార్తకి. ముప్ఫై ఏళ్ళ మిషను ముందు ఆఖరిసారి కూర్చున్నాడాయన. పెట్టె తెరుచుకుంది. వేలు అలవాటుగా చుక్క మీదికే పోయింది. వెనక్కి తీసుకున్నాను. చూశాను, మళ్ళీ చూశాను. మూడు నిమిషాల్లో తేల్చమని ఆ పిల్లని ఎలా సతాయించానో గుర్తొచ్చింది. నాకు నలభై పట్టింది. "దర్జీ మిషను మీద రెండు చేతులూ ఆనించి కూర్చున్నాడు. మెడలో టేపు వేలాడుతోంది. సూదిలో దారం లేదు." ఆ దారం నేనే కనిపెట్టానని లోపల్లోపల మురిసిపోయాను.

తొమ్మిది దాటాక డెస్క్ ఫోను మోగింది. తీయకముందే ఎవరో తెలిసింది.

"ఇవాళ రాసింది కొత్తవాళ్ళా అమ్మా?"

"నేనేనండీ."

"సూదిలో దారం లేదన్నారు, బాగుంది. మంచి కన్నే మీది." కప్పు చప్పుడు. "కానీ ఆయన నాకు కనిపించడం లేదు. చీకట్లో కూర్చున్నట్టున్నాడు. వెలుగు ఎటునుంచి?"

అందుకే నలభై నిమిషాలు పట్టినా ఏదో తక్కువైనట్టే ఉంది! ఫోను చెవికి ఆనించుకుని తెర మీదికి వంగాను. తూర్పు కిటికీ ఎండ సరిగ్గా దాని మీదే పడి ఏమీ కనిపించలేదు. అరచెయ్యి అడ్డం పెట్టుకుని చూశాను. దర్జీ నుదురు, చెంప, చేతి వేళ్ళ గణుపులు.

"ఎడమ నుంచండీ. తలుపు సగం మూశారు. ఆ సగంలోంచి వస్తోంది. ఆయన ముఖం సగం వెలుగులో ఉంది. మిషను మొత్తం వెలుగులో ఉంది."

అవతల కప్పు పక్కకి జరిపిన చప్పుడు.

"ఆ" అంది ఆవిడ. "ఇప్పుడు కనిపిస్తున్నాడు."

పెట్టె మళ్ళీ తెరిచి, మొదటి మాటకి ముందు కర్సరు పెట్టాను.